వారానికో సూది, ఏడాది పొడవునా వైద్యం

పెళ్లి బంతిలో కూర్చున్నాం. ముద్దపప్పు, ఆవకాయ, వంకాయ కూర, పులిహోర, సాంబారు, ఆఖర్న గడ్డపెరుగు. "ఇంక ఒక్క మెతుకు కూడా పట్టదండి" అంటాం, నిజంగానే అంటాం. సరిగ్గా అప్పుడే వడ్డించే కుర్రాడు తాపేశ్వరం కాజాల బుట్టతో ఇంకోసారి వస్తాడు. ఎక్కడినుంచో చోటు పుట్టుకొస్తుంది. అర నిమిషంలో పొట్ట పెరగలేదు. పొట్టకీ తలకీ మధ్య నడిచే లెక్క ఏదో మారింది.

ఇంకో చిక్కు చూడండి. ఒకే ఇంట్లో ఒకే వంట తిని పెరిగిన అన్నదమ్ములు. ఒకాయన రెండు ముద్దలు తగ్గించమంటే తగ్గించి ఊరుకుంటాడు. రెండో ఆయన టిఫిను తిన్న గంటకే వంటింటి వైపు చూస్తాడు. "నోరు కట్టుకోలేడు" అని రెండో ఆయన్ని ఇన్నాళ్లూ అనేశాం. ఆ మాట ఎంతోమందిని అన్యాయంగా సిగ్గుపడేలా చేసింది. రక్తపోటు ఎలాగో ఆకలీ అలాగే శరీరం లోపల నడిచే వ్యవహారం. అందరికీ ఒకే మోతాదులో ఉండదు. ఆ సంగతి తెలిసాక, ఆకలిని తగ్గించే సూదిమందూ వచ్చింది. ఇప్పుడు తునిలాంటి ఊళ్లో కూడా జనం దాన్ని పేరు పెట్టి అడుగుతున్నారు.

ఈ మధ్య మా పిన్నికి తోడుగా తునిలో ఒక క్లినిక్‌కి వెళ్లాను. సాయంత్రం ఓపీ. బల్లల మీద చోటు లేక జనం గుమ్మం బయట మెట్ల మీద కూర్చున్నారు. కోటనందూరు నుంచి, రౌతులపూడి నుంచి, తొండంగి నుంచి వచ్చినవాళ్లు, తాండవ వంతెన దాటి పాయకరావుపేట నుంచి వచ్చినవాళ్లు. జ్వరాలు, కీళ్ల నొప్పులు, షుగర్లు. మనిషికి మూడు నిమిషాలు. మా ముందు నలభై ఏళ్లు దాటిన ఒకావిడ లోపలికెళ్లి కూర్చుంటూనే అడిగింది.

"డాక్టరు గారండీ, మా వదినకి విశాఖపట్నంలో రాసేరండి. నాలుగు నెలల్లో పది కిలోలు తగ్గిందండి. నాక్కూడా ఆ సూది రాసెయ్యండి."

ఆయన పెన్ను కింద పెట్టాడు. "రాయడానికి రెండు నిమిషాలమ్మా. రాసాక మీతో ఏడాది నడవాలి. ఆ నడిచే మనుషుల్ని నేనింకా తయారు చేసుకుంటున్నాను" అన్నాడు.

ఈ వ్యాసం ఆ జవాబు గురించే. ఆ సూది లోపల ఏం చేస్తుందో అర్థమైతే, క్లినిక్ ఎందుకు మారాలో దానంతటదే అర్థమవుతుంది.

రెండు నిమిషాలు బతికే కబురు

అన్నం చిన్నపేగుల్లోకి దిగగానే పేగు గోడలోని కొన్ని కణాలు రక్తంలోకి ఒక కబురు వదులుతాయి. ఆ కబురు పేరు జీఎల్‌పీ-1. అది మూడు గుమ్మాలు తడుతుంది. క్లోమం దగ్గరికెళ్లి "చక్కెర వస్తోంది, ఇన్సులిన్ వదులు" అంటుంది. జీర్ణాశయానికి "కింద ఇంకా పని అవలేదు, నెమ్మదిగా పంపు" అని చెబుతుంది. మెదడుకి "చాలు" అని చేరవేస్తుంది. మనం కడుపు నిండిందనుకోవడంలో ఈ మూడో కబురుకీ పాత్ర ఉంది. గబగబా తినేవాడికి ఈ కబురు అందేలోపే ఆకు ఖాళీ అయిపోతుంది.

చిక్కేమిటంటే ఈ కబురు ఆయుష్షు రెండు నిమిషాలు. డీపీపీ-4 అనే ఎంజైము రక్తంలో కత్తెర పట్టుకుని తిరుగుతూ కనబడిన జీఎల్‌పీ-1నల్లా కత్తిరించేస్తుంది. మన ఊళ్లో షుగరు ఉన్నవాళ్లు చాలామంది వేసుకునే సిటాగ్లిప్టిన్, విల్డాగ్లిప్టిన్ మాత్రలు ఈ కత్తెరని పట్టుకు ఆపేవే. దానివల్ల సొంత కబురు కాస్త ఎక్కువసేపు నిలబడుతుంది. షుగరు కొంచెం దిగుతుంది, బరువు మాత్రం పెద్దగా కదలదు.

కత్తెరకి తెగని కబురు ఎక్కడైనా ఉందా? అమెరికా ఎడారుల్లో గిలా మాన్‌స్టర్ అనే పెద్ద బల్లి ఉంది. దాని విషంలో జీఎల్‌పీ-1ని పోలిన పదార్థం ఒకటి ఉందని, దాన్ని మన కత్తెర అంత తేలిగ్గా తుంచలేదని 1990ల మొదట్లో జాన్ ఎంగ్ అనే డాక్టరు పట్టుకున్నాడు. 2005లో ఎక్సెనటైడ్ అనే మందు అందులోంచే వచ్చింది. రోజుకి రెండు సూదులు.

ఆ తరవాతి అడుగు సెమాగ్లుటైడ్. రెండు చోట్ల మెలిక పెట్టారు. కత్తెర పడే చోట అణువుని కొద్దిగా మార్చారు. పక్కన ఒక కొవ్వు తోకని తగిలించారు. ఆ తోక రక్తంలో తిరిగే అల్బుమిన్ అనే పెద్ద ప్రొటీన్‌ని పట్టుకుంటుంది. జాతీయ రహదారి మీద లారీ వెనక గొలుసు పట్టుకున్న సైకిలు ఎలా పోతుందో, అలా ఆ చిన్న అణువు అల్బుమిన్‌తో పాటు రోజుల తరబడి తిరుగుతుంది. రెండు నిమిషాల కబురు కాస్తా, సగం కరగడానికే దాదాపు వారం పట్టే కబురైంది. వారానికి ఒక్క సూది చాలడం అందుకే. టిర్జెపటైడ్ అనే ఇంకో మందు జీఎల్‌పీ-1తో పాటు జీఐపీ అనే రెండో కబురుని కూడా అనుకరిస్తుంది.

ఫలితాలు చిన్నవి కావు. షుగరు లేని 1961 మంది మీద 68 వారాలు చేసిన పరీక్షలో సెమాగ్లుటైడ్ తీసుకున్నవాళ్లు సగటున 14.9 శాతం బరువు తగ్గారు. ఉత్తుత్తి సూది తీసుకున్నవాళ్లు తగ్గింది 2.4 శాతమే. 2022లో వచ్చిన టిర్జెపటైడ్ పరీక్షలో పెద్ద మోతాదు వాడినవాళ్లు 72 వారాల్లో 20.9 శాతం తగ్గారు. గుండె జబ్బు ఉండి బరువెక్కువున్న 17,604 మందిని తీసుకుని చేసిన ఇంకో పరీక్ష 2023లో వెలువడింది. అందులో సెమాగ్లుటైడ్ వల్ల గుండెపోటు, పక్షవాతం, గుండె జబ్బు మరణాలు కలిపి 20 శాతం తగ్గాయి. అందం కోసం వాడే మందని దీన్ని కొట్టిపారేసేవాళ్లు ఈ చివరి అంకె ఒక్కసారి చూడాలి.

ఇప్పుడే ఎందుకింత అడుగుతున్నారు

మౌంజారో పేరుతో టిర్జెపటైడ్ మన దేశంలోకి 2025 మార్చిలో వచ్చింది. మొదటి మోతాదు సీసా అప్పట్లో 3,500 రూపాయలు, వారానికొకటి, అంటే నెలకి 14,000. జూన్‌లో సెమాగ్లుటైడ్ వెగోవీ పేరుతో వచ్చింది. చిన్న మోతాదుకే నెలకి 17,345. నవంబరులో దాని ధర తగ్గించారు. 2026 మార్చిలో సెమాగ్లుటైడ్ పేటెంటు గడువు మన దేశంలో ముగిసింది. హైదరాబాద్‌లోని డాక్టర్ రెడ్డీస్, నాట్కో లాంటి కంపెనీలు ఆ రోజు కోసం ముందునుంచే సిద్ధపడ్డాయి. ధర అనే గోడ కూలుతున్నకొద్దీ గుమ్మం ముందు జనం పెరుగుతారు.

ఆ జనం ఎంతమందో ఊహించడం కష్టం కాదు. జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వే ఐదో విడత ప్రకారం ఆంధ్రప్రదేశ్‌లో ఆడవాళ్లలో 36 శాతం, మగవాళ్లలో 31 శాతం ఉండాల్సిన బరువు కంటే ఎక్కువున్నారు. ఊబకాయం, షుగరు చూసే ప్రత్యేక వైద్యులు ఎక్కువమంది విశాఖలోనో, రాజమండ్రిలోనో, కాకినాడలోనో ఉంటారు. తుని మధ్యలో ఉంది. విశాఖకి దాదాపు వంద కిలోమీటర్లు, రాజమండ్రికీ అంతే. మొదటిసారి రైలెక్కి వెళ్లి రాయించుకుంటారు. రెండో నెలలో వాంతులైతే ఎక్కడికెళ్తారు? ఈ వీధి చివరి క్లినిక్‌కే వస్తారు. అందుకే ఈ మందు పెద్ద ఊరి వ్యవహారం, మనకెందుకులే అనుకునే వీలు తుని డాక్టరుకి లేదు.

కారే బిందె లెక్క

మందు వారం రోజులు నిలబడటం వరమే, దాని వెనకే ఒక మెలిక కూడా ఉంది. అడుగున చిల్లున్న బిందె అనుకోండి. వారంలో అందులో ఉన్నదాంట్లో సగం కారిపోతుంది. మొదటి వారం ఒక చెంబు పోశాం. వారం తిరిగేసరికి అర చెంబు మిగిలింది. దాని మీద ఇంకో చెంబు పోస్తే ఒకటిన్నర. మళ్లీ సగం కారి ముప్పావు మిగిలింది, దాని మీద ఇంకోటి పోస్తే ఒకటీ ముప్పావు. ఇలా నాలుగైదు వారాలకి బిందె రెండు చెంబుల దగ్గర నిలదొక్కుకుంటుంది.

అంటే మొదటి సూది వేసిన రోజు ఏమీ అనిపించకపోయినా మూడో వారంలో వికారం మొదలవ్వచ్చు. అందుకే సెమాగ్లుటైడ్‌ని 0.25 మిల్లీగ్రాములతో మొదలెట్టి, నాలుగేసి వారాలకి ఒక మెట్టు చొప్పున 0.5, 1, 1.7 మీదుగా 2.4 దాకా ఎక్కిస్తారు. శరీరం ఒక మెట్టుకి అలవాటు పడ్డాకే పై మెట్టు. "మా వదిన ఒకటి వేసుకుంటోందండి, నాకూ ఒకటి నుంచే" అంటే కుదరదు. వదిన ఆ మెట్టు దాకా ఎనిమిది వారాలు ఎక్కి వచ్చింది.

ఇంకా ముఖ్యమైన సంగతి, ఒకసారి లోపలికెళ్లిన సూదిని వెనక్కి లాగలేం. జ్వరం మాత్ర పడకపోతే మానేస్తే పూటలో తేలిపోతుంది. ఇది పడకపోతే వారాలు పడుతుంది. ఎండాకాలం తునిలో రెండు రోజులు వాంతులు, విరేచనాలు అయితే ఒంట్లో నీరు పోయి కిడ్నీల మీద భారం పడుతుంది. అలాంటి మనిషి "వచ్చే నెల చూపించుకుందాంలే" అని ఇంట్లో పడుకోకూడదు. ఎవరో ఒకరు ఫోన్ చేసి అడగాలి. మందు స్వభావమే ఆ ఫోన్‌ని అడుగుతోంది.

పెట్టె: ఫోన్‌లో అడగాల్సిన నాలుగు మాటలు
మోతాదు మార్చిన ప్రతిసారీ మూడో రోజున, పదో రోజున క్లినిక్ నుంచి నర్సు చేయాల్సిన ఫోన్ ఇది. ఐదు నిమిషాలు చాలు.
నీళ్లు నిలుస్తున్నాయా, మూత్రం మామూలుగా వస్తోందా?
పైకడుపులో ఆగకుండా నొప్పి, వీపులోకి పాకుతోందా? అయితే క్లోమం వాపు కావచ్చు, ఆ రోజే రావాలి.
షుగరు మాత్రలు వేసుకునేవాళ్లకి చెమటలు, వణుకు వస్తున్నాయా?
రోజూ పప్పు, గుడ్డు, పెరుగు, చేప, వీటిలో ఏవి ఎంత తిన్నారు?

ఎవరికి ముందు రాయాలి

ఇంగ్లండ్‌లో ప్రభుత్వ వైద్య వ్యవస్థ 2025 జూన్ 23 నుంచి టిర్జెపటైడ్‌ని ఊరి డాక్టర్ల ద్వారా ఇవ్వడం మొదలుపెట్టింది. అర్హులంతా ఒక్కసారి మీద పడితే ఆ డాక్టర్లు ఇంకే రోగినీ చూడలేరని ముందే లెక్క వేసుకున్నారు. మొదటి వరసలో బీఎంఐ (ఎత్తుకి తగ్గ బరువు లెక్క) 40 దాటి, షుగరు, బీపీ, గుండె జబ్బు, కొలెస్ట్రాల్ తేడా, నిద్రలో ఊపిరి ఆగడం, ఈ ఐదింటిలో నాలుగున్నవాళ్లని పెట్టారు. మొదటి మూడేళ్లలో సుమారు 2,20,000 మంది. మొత్తం పథకాన్ని పన్నెండేళ్ల దాకా సాగదీశారు. తిండి, వ్యాయామం విషయంలో సాయం చేసే మనుషులు లేకుండా మందు ఒక్కటే ఇవ్వకూడదని నియమం పెట్టారు. అంత డబ్బున్న దేశమే ఇంత నెమ్మదిగా అడుగేసింది.

మన దగ్గర వరస కట్టేది ప్రస్తుతానికి జేబు. అది మారాలంటే తునిలో ఒక్కో డాక్టరూ తన ఓపీలో ఒక వరస గీసుకోవాలి. ఇంగ్లండ్ గీతలు మనకి అతకవు కూడా. పుణేకి చెందిన డాక్టర్ యాజ్ఞిక్, లండన్‌కి చెందిన డాక్టర్ యుడ్‌కిన్ ఒకసారి ఇద్దరి కొలతలూ పక్కపక్కన పెట్టి చూసుకున్నారు. బీఎంఐ ఇద్దరికీ 22.3. ఒంట్లో కొవ్వు మాత్రం యుడ్‌కిన్‌కి 9.1 శాతం, యాజ్ఞిక్‌కి 21.2 శాతం. ఇద్దరి ఫోటోతో 2004లో లాన్సెట్ పత్రికలో అచ్చయింది. పైకి సన్నగా ఉండి నడుం చుట్టూ, కాలేయం చుట్టూ కొవ్వు పేరుకోవడం మన ఒంటి తీరు. అందుకే మనవాళ్లకి బీఎంఐ 23 దాటితే అధిక బరువు, 25 దాటితే ఊబకాయం అని మన వైద్యులు గీత కిందికి జరిపారు. నడుం చుట్టుకొలత మగవాళ్లకి 90, ఆడవాళ్లకి 80 సెంటీమీటర్లు దాటకూడదన్నారు. టైలరు టేపు ఒకటి క్లినిక్‌లో ఉంటే బరువు మిషను చెప్పని సంగతి అది చెబుతుంది.

నా అభిప్రాయం దాపరికం లేకుండా చెబుతాను. షుగరు అదుపు తప్పి, నడుం నూట పది దాటి, మోకాళ్లు పట్టేసిన యాభై ఏళ్ల రైతుకి ఈ మందు అందకుండా, పెళ్లి నాటికి నాలుగు కిలోలు తగ్గాలనుకునే ఇరవై నాలుగేళ్ల అమ్మాయికి అందడం తప్పు. ఆ అమ్మాయికి "వద్దమ్మా" అని చెప్పడానికి డాక్టరుకి రాసిచ్చే దానికంటే ఎక్కువ సమయం కావాలి. ఆమె తల్లితో కూడా మాట్లాడాలి. ఆ సమయాన్ని క్లినిక్ ముందే కేటాయించుకోవాలి.

పెట్టె: ఈ సూది ఎవరికి కుదరదు
గర్భిణులకి, పాలిచ్చే తల్లులకి వద్దు. బిడ్డ కావాలనుకునేవాళ్లు సెమాగ్లుటైడ్‌ని కనీసం రెండు నెలల ముందే ఆపాలి. టిర్జెపటైడ్ వాడేటప్పుడు గర్భనిరోధక మాత్రల మీద మాత్రమే ఆధారపడకూడదు.
తనకి గానీ ఇంట్లో రక్తసంబంధీకులకి గానీ మెడ్యుల్లరీ రకం థైరాయిడ్ క్యాన్సర్ వచ్చి ఉంటే వద్దు.
గతంలో క్లోమం వాపు వచ్చినవాళ్లు, జీర్ణాశయం కదలిక బాగా మందగించినవాళ్లు, పిత్తాశయంలో రాళ్లున్నవాళ్లు ఆ సంగతి ముందుగా చెప్పాలి.
షుగరు ఉన్నవాళ్లు మొదలుపెట్టే ముందు కంటి రెటీనా పరీక్ష చేయించుకోవాలి. షుగరు ఒక్కసారిగా దిగితే పాత రెటీనా జబ్బు కొన్నాళ్లు ముదిరే ప్రమాదం ఉంది.

మూడు నిమిషాల ఓపీలో ఇది ఇమడదు

జ్వరం కోసం కట్టుకున్న ఓపీ మనది. మనిషి వస్తాడు, చీటీ రాస్తాం, మందు వాడతాడు, తగ్గితే రాడు. తిరిగి రాకపోవడమే గెలుపు. బరువు మందు దగ్గర తిరిగి రాకపోవడం ఓటమి. ఈ తేడాకి తగ్గట్టు క్లినిక్‌ని మార్చడానికి పెద్ద భవనం అక్కర్లేదు, పని పంచుకోవడం కావాలి.

మొదటిసారి వచ్చినప్పుడు అరగంట కావాలి. దానిలో డాక్టరు కూర్చోవాల్సింది పది నిమిషాలే. బరువు, నడుం, బీపీ తీయడం, వేసుకుంటున్న మందులన్నీ సంచీలోంచి బల్ల మీద పోయించి పేర్లు రాయడం, ఇంట్లో ఎవరికి ఏ జబ్బులున్నాయో అడగడం, ఇవన్నీ తర్ఫీదు ఉన్న నర్సు చేయగలదు. మందుల సంచి దగ్గర మాత్రం తొందర పనికిరాదు. జీఎల్‌పీ-1 సూది ఒంటరిగా షుగర్ని మరీ కిందికి పడెయ్యదు, ఎందుకంటే రక్తంలో చక్కెర ఉన్నప్పుడే అది ఇన్సులిన్ని పిలుస్తుంది. గ్లిమెపిరైడ్ అనే షుగరు మాత్ర అలా కాదు, చక్కెర ఉన్నా లేకపోయినా ఇన్సులిన్ని తోస్తూనే ఉంటుంది. తిండి సగమైన మనిషి పాత గ్లిమెపిరైడ్ పాత లెక్కనే వేసుకుంటే మధ్యాహ్నం పొలం గట్టు మీద కళ్లు తిరిగి పడతాడు. ఇన్సులిన్ వేసుకునేవాళ్లకీ అదే గండం. అందుకే సూది మొదలెట్టే రోజునే వాటి మోతాదు తగ్గించే ఆలోచన చేయాలి. సిటాగ్లిప్టిన్ లాంటి మాత్రని సాధారణంగా ఆపేస్తారు, రెండూ ఒకే దారిలో పనిచేస్తాయి కాబట్టి. నెలలు గడిచి బరువు దిగితే బీపీ మాత్ర కూడా ఎక్కువైపోవచ్చు.

అన్నం జీర్ణాశయంలోంచి నెమ్మదిగా కదలడం ఇంకో చోట తేడా తెస్తుంది. ఆపరేషనుకి ముందు రాత్రి నుంచి ఏమీ తినకపోయినా పొట్టలో ఆహారం మిగిలి ఉండచ్చు. మత్తులో అది ఊపిరితిత్తుల్లోకి వెళ్తే ప్రాణం మీదికొస్తుంది. కాబట్టి ఆపరేషను చేయించుకునే ప్రతి మనిషినీ "బరువు సూది ఏమైనా వేసుకుంటున్నారా?" అని అడగాలి. సిగ్గుపడి ఇంట్లోవాళ్లకి కూడా చెప్పకుండా వాడేవాళ్లు ఉన్నారు. కాబట్టి ఒంటరిగా అడగాలి.

ఆ తరవాత కంచం. మన పళ్లెంలో అన్నమే కొండ, పప్పు లోయలో పారే ఏరు. మనవాళ్లు తినే కేలరీల్లో సుమారు 62 శాతం పిండిపదార్థాల నుంచే వస్తోందని భారత వైద్య పరిశోధన మండలి అధ్యయనం లెక్క తేల్చింది. ఆకలి సగమైనప్పుడు ఆ సగంలో కూడా అన్నమే ముందు పొట్టలోకి పోతే కండకి ఏమీ మిగలదు. తగ్గిన బరువులో కొవ్వుతో పాటు కండ కూడా ఉంటుంది. పరీక్షల్లో అది నాలుగో వంతు నుంచి ఐదింట రెండు వంతుల దాకా కనిపించింది. అందుకని తినే వరస తిరగెయ్యమని చెప్పాలి. ముందు పప్పో గుడ్డో చేపముక్కో పెరుగో, ఆ తరవాత కూర, చోటు మిగిలితే అన్నం. కంచంలో వదిలేస్తే అన్నం వదలాలి, పప్పు వదలకూడదు. వయసు పైబడినవాళ్లకి ఇది మరీ ముఖ్యం. చేతులు కట్టుకుని కుర్చీలోంచి అర నిమిషంలో ఎన్నిసార్లు లేచి కూర్చోగలరో ప్రతి నెలా లెక్కపెడితే కండ సంగతి తెలిసిపోతుంది. పైసా ఖర్చు లేని పరీక్ష.

గోదావరి పల్లెలు ముందే చెప్పిన సంగతి

ఇలా వెంట నడిచే వైద్యం మన నేల మీద కొత్త ఊహేమీ కాదు. 2003-04లో తూర్పు, పశ్చిమ గోదావరి జిల్లాల్లోని 45 గ్రామాల్లో, దాదాపు 1,80,000 జనాభాలో ఏడాది పాటు జరిగిన ప్రతి మరణానికీ కారణం ఏమిటని పరిశోధకులు ఇంటింటికీ వెళ్లి ఆరా తీశారు. పల్లెల్లో అంటురోగాలే ఎక్కువ చంపుతాయని అప్పటిదాకా అందరి నమ్మకం. తేలిందేమిటంటే మూడింట ఒక వంతు దాకా మరణాలు గుండె, రక్తనాళాల జబ్బుల వల్లే.

ఆ తరవాత కొన్నేళ్లకి పశ్చిమ గోదావరిలో 18 ప్రాథమిక ఆరోగ్య కేంద్రాల పరిధిలో ఇంకో ప్రయత్నం జరిగింది. ఆశా కార్యకర్తల చేతికి ట్యాబ్ ఇచ్చి, బీపీ తీసి, గుండె జబ్బు ప్రమాదం ఎవరికి ఎక్కువుందో ఇంటి గుమ్మంలోనే లెక్కకట్టించి డాక్టరు దగ్గరికి పంపించారు. ఆశా కార్యకర్తలు ఆ పని చేయగలిగారు. మనుషుల్ని పట్టుకున్నారు. అయినా 2019లో ఫలితాలు అచ్చయ్యేసరికి, బీపీ అదుపులోకి వచ్చినవాళ్ల శాతంలో చెప్పుకోదగ్గ తేడా కనిపించలేదు.

ఆ ఫలితాన్ని నేను చాలాసార్లు తలుచుకుంటాను. జబ్బుని కనిపెట్టడం ఒక పని, నెల తప్పకుండా మందు అందించి, మోతాదు సరిచేసి, మనిషిని నిలబెట్టడం ఇంకో పని. మొదటిది మనం నేర్చుకున్నాం. రెండోదానికి మనుషులు, మందుల సరఫరా, డాక్టరు సమయం మూడూ ఒకేచోట కలవాలి. రూపాయి ఖరీదు చెయ్యని బీపీ మాత్ర దగ్గరే ఇంత కష్టమైతే, వేల రూపాయల సూది దగ్గర ఎంత జాగ్రత్త కావాలి!

పల్లెల్లో మొదటి గుమ్మం ఆర్‌ఎంపీ. ఆ నిజాన్ని కాదని కళ్లు మూసుకుంటే సూది ఆయన సంచీలోకి చేరుతుంది, ఇప్పటికే బలం సూదులు చేరినట్టు. ఆయన చేత మందు మొదలెట్టించకూడదు, మోతాదు మార్పించకూడదు. అంతమాత్రాన ఆయన్ని గేటు బయటే నిలబెట్టడమూ మంచిది కాదు. వాంతులు ఆగని మనిషిని, కడుపునొప్పితో మెలికలు తిరిగే మనిషిని ఆలస్యం చేయకుండా పంపమని, తుని డాక్టరు ఆయనకి ఒక్కసారి కూర్చోబెట్టి చెప్పాలి.

ఫ్రిజ్, కరెంటు, సీసా

ఇది మాత్రల డబ్బా కాదు, చల్లదనం కావాల్సిన సరుకు. తెరవని సూదిమందు పెన్నుల్ని 2 నుంచి 8 డిగ్రీల మధ్య ఉంచాలి, గడ్డకట్టనివ్వకూడదు. ఫ్రీజరు గది కింద, గోడకి ఆనించి పెడితే గడ్డకడుతుంది. గడ్డకట్టింది కరిగినా పనికిరాదు. వాడకం మొదలెట్టాక మందుని బట్టి కొన్ని వారాలు బయట పెట్టచ్చు గానీ 30 డిగ్రీలు దాటకూడదు. మే నెలలో తునిలో వంటింటి అలమారలో 30 డిగ్రీలు ఉంటుందని ఎవరైనా అనగలరా? విశాఖ నుంచి మధ్యాహ్నం బస్సులో చేతిసంచీలో తెచ్చుకున్న సూది పనిచేయకపోతే, మందు మంచిది కాదని డాక్టర్ని తిడతారు. చీటీ రాసే చేత్తోనే ఐసు సంచి గురించి కూడా చెప్పాలి. మందుని నేరుగా ఐసుకి తగలనివ్వద్దని కూడా.

సీసాలో వచ్చి, ఇన్సులిన్ సిరంజితో లాగి వేసుకునే రకం దగ్గర ఇంకో ప్రమాదం ఉంది. సిరంజి మీద ఉండేవి యూనిట్లు, చీటీలో రాసేవి మిల్లీగ్రాములు. అమెరికాలో ఈ లెక్క తప్పి కొందరు ఐదు నుంచి ఇరవై రెట్లు ఎక్కువ మందు ఎక్కించుకున్నారని అక్కడి ఔషధ నియంత్రణ సంస్థ ఎఫ్‌డీఏ 2024 జులైలో హెచ్చరించింది. కాబట్టి మొదటి సూది క్లినిక్‌లోనే, రోగి చేతే వేయించాలి. నకిలీ సెమాగ్లుటైడ్ గురించి ప్రపంచ ఆరోగ్య సంస్థ కూడా అదే ఏడాది జూన్‌లో హెచ్చరించింది. బిల్లు ఇవ్వని చోట కొనకూడదన్నది ఇక్కడ బేరం సంగతి కాదు, ప్రాణం సంగతి.

ఆపితే ఏమవుతుంది

ఇది అడగకుండా ఎవరూ మొదలెట్టకూడదు, చెప్పకుండా ఏ డాక్టరూ రాయకూడదు. 68 వారాల పరీక్ష అయ్యాక సెమాగ్లుటైడ్ ఆపేసినవాళ్లలో కొంతమందిని ఇంకో ఏడాది గమనించారు. తగ్గిన బరువులో మూడింట రెండు వంతులు తిరిగి వచ్చేసింది. వాళ్లు సోమరులు కావడం వల్ల కాదు. బిందె ఖాళీ అయ్యాక కబురు మళ్లీ రెండు నిమిషాల కబురే అయ్యింది. పైగా ఒళ్లు తగ్గినప్పుడు శరీరం కరువొచ్చిందనుకుంటుంది, ఆకలిని పెంచుతుంది. తిరిగొచ్చేది ఎక్కువగా కొవ్వు, పోయిన కండ అంత తేలిగ్గా రాదు. నాలుగు నెలలు వాడి, డబ్బులు చాలక ఆపి, మళ్లీ పంట డబ్బులొచ్చాక మొదలెట్టి, మళ్లీ ఆపితే మనిషి ముందటికంటే బలహీనుడవ్వచ్చు.

కాబట్టి మొదటి రోజే డబ్బు మాట మాట్లాడాలి. "ఏడాది పాటు నెలకి ఇంత పెట్టగలరా?" అని అడగడం రోగిని అవమానించడం కాదు. పెట్టలేనంటే ఆయనకి వేరే దారి వెతకాలి. మెట్‌ఫార్మిన్ మాత్ర ఉంది, అన్నం తగ్గించే పద్ధతి ఉంది, సాయంత్రం నడక ఉంది. అవి అంత బరువు తగ్గించవు, అయినా షుగర్ని దూరంగా ఉంచడంలో వాటికి మంచి సాక్ష్యం ఉంది. పెట్టగలనంటే ఆ ఏడాదిలోనే కండ పెంచుకోవడం, తినే వరస మార్చుకోవడం, చివర్లో మోతాదు ఎలా దించాలో, లేదా ఎలా కొనసాగించాలో ఆలోచించుకోవడం అన్నీ క్యాలెండరు మీద రాసుకోవాలి.

మా పిన్ని వంతు వచ్చేలోపు ఆ క్లినిక్‌లో నర్సు బల్ల మీద నోటుపుస్తకం ఒకటి చూశాను. స్కూలు పిల్లలు వాడే పెద్ద సైజుది, అట్టకి బ్రౌన్ పేపరు వేసి ఉంది. ప్రతి పేజీకీ ఒక మనిషి. నిలువు గళ్లలో తేదీ, బరువు, నడుం, కుర్చీలోంచి లేచిన లెక్క, వాంతులు, తగ్గించిన మాత్రలు, మళ్లీ ఫోన్ చేయాల్సిన రోజు. బుధవారం మధ్యాహ్నం రెండు నుంచి నాలుగు వరకు వీళ్లకి మాత్రమేనట. పన్నెండు పేజీలు నిండాయి. డాక్టరు గది నుంచి సూది అడిగిన ఆవిడ బయటికొచ్చింది, చేతిలో మందుల చీటీ లేదు, రక్తపరీక్షల కాగితం మాత్రమే ఉంది. ముఖం కొంచెం చిన్నబోయింది. నర్సు పదమూడో పేజీ తిప్పి, ఆవిడ పేరు రాసి, తలెత్తి అడిగింది.

"బుధవారం పరగడుపున రండమ్మా, రక్తం తీయాలి. ఫోన్ నంబరు మీది, ఇంట్లోవాళ్లది రెండూ చెప్పండి. తరవాత నేను ఫోన్ చేసేటప్పుడు ఏ టైముకి చెయ్యమంటారండీ?"

"పిల్లలు బడికెళ్లాకండి. తొమ్మిదిన్నరకి."

నర్సు తొమ్మిదిన్నర అని రాసి, దాని చుట్టూ సున్నా చుట్టింది.